వెంకాయమ్మ చేలో అడవిపందులు

రొంపిచెర్ల వెంకాయమ్మ పొద్దున్నే కొంగు బిగించి, పాత నూనె డబ్బా మీద కర్రతో కొడుతూ వేరుశెనగ చేనంతా తిరుగుతుంది. కాయలు తవ్వుకు తినే అడవిపందులను ఏడు తరాలెత్తి తిడుతుంది. ఎంత తిట్టినా పంటి కింద చుట్ట కదలదు. మొన్న కోడలు గోపిక ఫోనులో ఓ వార్త చదివి వినిపించింది. పరాయి దేశంలో అణు విద్యుత్ కేంద్రం పేలి ఏళ్ళు గడిచినా విషం ఇంకా మట్టిలోనే ఉందట. నేలలోని పుట్టగొడుగులు తవ్వుకు తిన్న అడవిపందుల ఒంట్లోకి అది చేరిందట.

"ఏమే, ఆ పందులేమన్నా కరెంటు వాడుకున్నయ్యా ఏంది?" అని అడిగింది వెంకాయమ్మ.

మర్నాడు చేలో ఓ పంది పిల్లలతో నేల పెళ్ళగిస్తూ కనబడింది. వెంకాయమ్మ కర్ర ఎత్తింది, పిల్లలను చూసి దించింది.

"తినవే, మన మట్టి మంచిదే" అంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఈ మాట మీ చుట్టాలకు మాత్రం చెప్పమాక."