కరీంబీ బిగించిన సొరుగు

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఆడవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు గానీ, సొరుగులు బాగుచేసే ఆడమనిషి కరీంబీ ఒక్కతే. బీరువా సొరుగు, రాతబల్ల సొరుగు, అద్దంబల్ల సొరుగు, ఏదైనా సరే, అడుగు పలక కుంగి, లాగితే రాక, తోస్తే పోక సతాయిస్తుంటే ఆమెకు కబురు వెళ్ళాల్సిందే. గోతం సంచిలో ఉలి, సుత్తి, బాడిసె వేసుకుని అటు వరికుంటపాడు దాకా, ఇటు ఆత్మకూరు దాకా బస్సెక్కి తిరుగుతుంది. యాభై దాటిన మనిషి. సన్నగా ఉంటుంది గానీ ఆ ముంజేతులు చూసి మగవాళ్ళు మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుంటారు.

"పని బంగారం, నోరు బాడిసె" అని ఊళ్ళో అంటుంటారు. అన్నవాళ్ళకు ఆమె సంగతి సగమే తెలుసు. నోటికన్నా చెయ్యి ముందు లేస్తుంది. ఒకసారి ఒక పెద్దమనిషి, సొరుగు అడుగున నాలుగు మేకులు కొట్టేసి పొమ్మన్నాడు. మేకు కొడితే పలక ఎండకు చీలుతుందని ఆమె చెప్పింది. "నువ్వా నాకు చెప్పేది? కొట్టవే!" అన్నాడు. కొట్టింది. దెబ్బ మేకు పట్టుకున్న ఆయన బొటనవేలి మీద పడింది. నిజమేనా అని అడిగితే కరీంబీ అవుననదు, కాదనదు. "గోరు మళ్ళీ వచ్చిందిలే" అంటుంది.

ఆ చేతికి అంత దురుసు పుట్టుకతో రాలేదు. పదహారేళ్ళకు నిసార్‌ను చేసుకుంది. నిసార్‌కు కొట్టడానికి కారణం అక్కర్లేదు. కూరలో ఉప్పు తగ్గితే ఒక దెబ్బ, సరిపోతే వంక దొరకలేదన్న ఉక్రోషానికి రెండు దెబ్బలు. ఒక రంజాన్ ముందురోజు చెంప మీద కొట్టిన దెబ్బకు ఎడమ చెవిలోంచి నెత్తురు కారింది. ఆ చెవి ఇప్పటికీ పనిచెయ్యదు. పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారు అని చుట్టాలందరూ ఓదార్చారు. ఓదార్చినవాళ్ళలో ఒక్కరూ అడ్డం రాలేదు. పద్నాలుగేళ్ళు పడింది.

పదిహేనో ఏడు, ఆమె నెల రోజులుగా చెక్కిన గరిటెలన్నీ నిసార్ తెచ్చి పొయ్యిలో పెట్టాడు. పెట్టి, ఆ మంటకే బీడీ ముట్టించుకున్నాడు. కరీంబీ పక్కనున్న బిక్కి చెక్క దుంగ తీసుకుంది. బిక్కి అంటే ఆ కొండల్లో దొరికే చెక్క, గట్టిది, తొందరగా విరగదు. దాంతో అతని మోకాలి మీద కొట్టింది. రెండో మోకాలి మీదా కొట్టింది. ఆపబోయిన మరిదిని కూడా కొట్టింది. నిసార్ మూడు నెలలు కుంటుతూ తిరిగాడు, నాలుగో నెలలో నెల్లూరు బస్సెక్కి మళ్ళీ కనిపించలేదు. "కొట్టినాక వారం రోజులు అన్నం సయించలా. ఎనిమిదో రోజు రెండుసార్లు తిన్నా" అని చెబుతుంది కరీంబీ, దాచుకోకుండా.

చెక్కడానికి సరుకు లేక ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే పక్కింటి నారాయణయ్య మాస్టారి రాతబల్ల సొరుగు బాగుచేసింది. అదే బతుకుతెరువైంది. సొరుగు బయటికి లాగి, బోర్లా వేసి, వేలి కణుపుతో కొట్టి చూస్తుంది. బరువుకు కుంగిన పలక వేరు, చెమ్మకు ఉబ్బిన పలక వేరు. ఒంటి చేత్తో విసురుగా లాగే ఇంట్లో ఒక పక్క మూలే వదులవుతుంది. పాత పలక పీకి, గాడిలో మట్టి గోకి, కొత్త పలక దోపి, కింద అడ్డంగా బద్ద వేసి, బంక ఆరేదాకా పాత సైకిలు ట్యూబుతో మూలలు బిగించి కడుతుంది. ఆమె చేసిన సొరుగులో గుండ్రాయి పెట్టినా కుంగదు. ఆ విషయంలో ఆమెకు గర్వం జాస్తి. ఆ గర్వమే ఆత్మకూరులో కొంప ముంచింది.

పోయిన వేసవిలో ఆత్మకూరు నుంచి సురేంద్రబాబు అనే ఆయన ఫోన్ చేశాడు. పురుగుమందుల షాపు ఆయనది. ఊళ్ళో మర్యాదస్తుడని పేరు. ఆయన భార్య రేణుకాదేవి పెళ్ళి జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తుంది. సన్న సూదితో పూసలు ఎక్కించి ఆమె కుట్టిన నెమలిని చూస్తే అది దారమంటే నమ్మలేం. ఆమె పూసల డబ్బాలు, కత్తెర్లు, ఫోను, అన్నీ టేకు బల్లకున్న పొడుగాటి సొరుగులోనే. ఆ బరువుకు అడుగు పలక పొట్ట కిందికి దిగి, చట్రానికి రాసుకుంటోంది. ఎంత తోసినా వేలెడు సందు మిగిలిపోతోంది.

కరీంబీ పని మొదలుపెట్టగానే రేణుక పక్కకు వచ్చి నిలబడింది. "అక్కా, మరీ అంత గట్టిగా వొద్దులే. ఏదో ఒక మాదిరిగా చెయ్యి. కొంచెం సందున్నా పర్లేదు."

కరీంబీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏదో ఒక మాదిరిగా చేసేవోళ్ళు బజార్లో బోలెడుమంది ఉండారు. వాళ్ళను పిలిపిచ్చుకో. నా చేతిలో అట్టాంటి పని రాదు."

రేణుక ఇంకేదో చెప్పబోయి తల దించుకుంది. కరీంబీకి పంతం పెరిగింది. ఒక్క బద్ద చాలినచోట రెండు వేసింది, అవీ బిక్కివి. పక్క చెక్కలు చిత్రిక పట్టి, జారే చోటల్లా కొవ్వొత్తి రుద్దింది. సాయంత్రానికి ఆ సొరుగు చిటికెనవేలితో తోస్తే చివరిదాకా పోయి టప్పుమని మూసుకుంటోంది. సురేంద్రబాబు వచ్చి మూడుసార్లు లాగి, మూడుసార్లు తోసి నవ్వాడు.

"చూడవే, ఇప్పుడెట్ట పోతా ఉండాదో" అన్నాడు భార్యతో. రేణుక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పనిమంతురాలికి అంతకన్నా మెప్పు ఏముంటుందని కరీంబీ పొంగిపోయింది. వెళ్తూ పక్కింటి రామలక్ష్మమ్మను మంచినీళ్ళు అడిగితే, ఆమె చెంబు ఇస్తూ గొంతు తగ్గించింది. "ఆయన చెయ్యి దురుసమ్మా. మొగుడూ పెళ్ళాల మధ్య మనకెందుకని, గొడవ మొదలైతే మేము టీవీ సౌండు పెంచుకుంటాం." కరీంబీ ఆ మాట వినే చెవితోనే విన్నది. కానీ బస్సుకు టైమైంది, వెళ్ళిపోయింది.

నలభై రోజులకు సురేంద్రబాబు మళ్ళీ ఫోన్ చేశాడు. "ఏందమ్మా నీ పని! ముందు చెక్క పగిలిపోయింది. వచ్చి చూడు." నా సొరుగు పగలడమేంటని కరీంబీ మండిపడుతూ మొదటి బస్సుకే బయల్దేరింది. ఆమె వెళ్ళేసరికి ఆయన షాపుకు పోయాడు. రేణుక ఎడమ చేత్తో తలుపు తీసింది. కుడి చేతికి మణికట్టు దాకా కట్టు ఉంది. కట్టులోంచి బయటికొచ్చిన వేళ్ళ చివర్లు నేరేడు పండ్లలా ఉన్నాయి.

"సొరుగు వేసేటప్పుడు నేనే చూసుకోలా అక్కా" అంది, అడక్కముందే.

కరీంబీ సామాన్లు తీయించి, సొరుగు బయటికి లాగి వెలుతురులో పెట్టింది. ముందు చెక్క బయటి నుంచి లోపలికి పగిలింది. పగులు చుట్టూ చెప్పు మడమ అచ్చు. పైఅంచు మీద వరసగా నాలుగు చోట్ల నెత్తురు ఎండి నల్లబడింది. ఒకచోట చెక్క పేళ్ళలో విరిగిన గోరు ముక్క ఇరుక్కుని ఉంది.

"నీ చెయ్యి లోపలుంటే, నీ కాలే బయటి నుంచి తన్నిందా రేణుకమ్మా?"

రేణుక నేల మీద కూలబడింది. ఏడవలేదు. సంగంలోని పుట్టింటి నుంచి తమ్ముడు రాజా ఫోన్ చేశాడట. పుట్టింటివాళ్ళతో మాట్లాడొద్దని మొగుడి ఆజ్ఞ. సొరుగులో మోగుతున్న ఫోను కోసం ఆమె చెయ్యి పెట్టగానే, సురేంద్రబాబు ఆ చెయ్యి అక్కడే అదిమిపట్టి, సొరుగును కాలితో తన్నాడు. మూడుసార్లు తన్నాడు. రెండు వేళ్ళ ఎముకలు నుగ్గయ్యాయి. ఇక సూది పట్టుకోవడం అనుమానమేనని డాక్టరు చెప్పాడు.

"ఇంతకు ముందు కూడా చేసేవాడక్కా. అప్పుడు సొరుగు ఆగిపొయ్యేది. సందు మిగిలేది. వేళ్ళు కందిపొయ్యేవి, అంతే." నిందించినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. "ఈసారి ఫోను ముట్టుకుంటే ఎడం చెయ్యి అన్నాడు. అందుకే నిన్ను పిలిపిచ్చినాడు."

కరీంబీ తన చేతులవంక చూసుకుంది. నిసార్ కొట్టిన ఏ దెబ్బకూ ఆమె ఇంత సిగ్గుపడలేదు. అడిగింది కదా ఈ బిడ్డ, ఏదో ఒక మాదిరిగా చెయ్యమని నోరు తెరిచి అడిగింది కదా. తన పనితనాన్ని తక్కువ చేసిందని పంతానికి పోయి, వాడి చేతికి ఆయుధం చెక్కి ఇచ్చింది. కొవ్వొత్తి కూడా రుద్ది ఇచ్చింది.

"నువ్వు చెప్పినావు. నేనే వినలా" అంది. లేచి సొరుగును వాకిట్లోకి ఈడ్చింది. బాడిసె తీసింది.

మొదటి వేటుకు ముందు చెక్క రెండైంది. పక్క చెక్కలు లేచిపోయాయి. అడుగు పలక పేళ్ళు పేళ్ళయింది. బిక్కి బద్దలు మాత్రం విరగలేదు. ఎంత నరికినా గంట్లు పడుతున్నాయే తప్ప లొంగలేదు. తన పనిని తనే తిట్టుకుంటూ, తల్లినీ తండ్రినీ కలిపి తిట్టుకుంటూ నరికింది. గోడల మీదుగా తలలు లేచాయి, మళ్ళీ దిగిపోయాయి. రామలక్ష్మమ్మ ఇంట్లో టీవీ సౌండు పెరిగింది.

ఒంటిగంటకు సురేంద్రబాబు అన్నానికి వచ్చాడు. వాకిట్లో తన బల్ల సొరుగు వంటచెరుకైపోవడం చూసి బండి స్టాండు కూడా వెయ్యకుండా వదిలేశాడు. "ఎవురే నీకు చెప్పింది?" అంటూ కరీంబీ జుట్టు పట్టుకుని తల నీళ్ళతొట్టికేసి కొట్టాడు. సిమెంటు అంచు తగిలి కనుబొమ చిట్లింది. నెత్తురు కంట్లోకి కారింది. బాడిసె చేజారితే కాలితో దూరంగా తన్నేశాడు. రెండోసారి తల కొట్టాడు. ఆమె కింద పడ్డాక పొట్టలో తన్నాడు. తర్వాత, పని ఒకటి మిగిలిపోయినట్టు, గుమ్మంలో నిలబడ్డ రేణుక వైపు తిరిగాడు.

"రావే. నీ సంగతి చూస్తా" అని ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.

కరీంబీకి ఒక కన్ను కనిపించడం లేదు, ఒక చెవి ఎటూ వినపడదు. నేల మీద తడుముతుంటే చేతికి బద్ద తగిలింది. లేచింది. రేణుకను పట్టుకున్న చేతి మీద, మోచేతి కింద, శక్తికొద్దీ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు గోడవతలికి కూడా వినిపించింది. అతను కేక పెట్టి తిరిగేలోపు మోకాలి మీద పడింది రెండో దెబ్బ. కూలిపోయాడు. మూడో దెబ్బకు బద్ద అతని తల మీదికి లేచింది. చంపేసి ఉండేదే. అందులో దాపరికం ఏమీ లేదు, చంపాలనే ఎత్తింది.

ఆ ఎత్తిన బద్దను రేణుక ఎడమ చేత్తో పట్టేసుకుంది. "చాలక్కా. ఇట్టివ్వు" అని కరీంబీ చేతిలోంచి లాక్కుంది.

వాకిలి నిండా జనం వచ్చింది అప్పుడే. ముందు రామలక్ష్మమ్మ, వెనక ఎదురింటి పెద్దాయన కొండలయ్య, ఆయన వెనక బజారు. సురేంద్రబాబు నేల మీద పొర్లుతూ కరీంబీకేసి చూపించి, "ఈ ముండ నన్ను చంపతా ఉండాది, పోలీసుల్ని పిలవండ్రా" అని అరిచాడు. అందరి కళ్ళూ నెత్తురోడుతున్న ఉదయగిరి మనిషి మీదికి తిరిగాయి. ఊరుగాని ఊరు, పైగా కొట్టింది షాపు ఓనర్ని. కరీంబీ ఒప్పుకోవడానికే నోరు తెరిచింది.

"నేను కొట్టినాను" అంది రేణుక.

ఆ ఇంట్లో కాపురానికొచ్చిన తొమ్మిదేళ్ళలో ఆమె గొంతు వీధిలోకి వినపడటం అదే మొదలు. కొండలయ్య ఆమె చేతికున్న కట్టువంక చూసి, నమ్మలేక అడిగాడు. "ఆ చేత్తో ఎట్ట కొట్టినావమ్మా?"

"ఎడం చేత్తో కొట్టినాను పెదనాయనా." బద్ద పైకెత్తి చూపించింది. "కుడి చెయ్యి ఈయన సొరుగులో పెట్టి తన్నినాడు. మూడుసార్లు తన్నినాడు. ఈ చెయ్యి కూడా పోతాదని కొట్టినాను."

పక్కింటి టీవీలో ఎవరో సబ్బు గురించి పాడుతున్నారు. సురేంద్రబాబు అబద్ధమని అరిచాడు. ఏది అబద్ధమో చెప్పమని కొండలయ్య అడిగితే, విరిగిన చెయ్యి పట్టుకుని గోడవైపు తిరిగాడు. కరీంబీ అడుగు ముందుకేసి "కొట్టింది నేన..." అనబోయింది గానీ, రేణుక చూసిన చూపుకు ఆగిపోయింది.

రామలక్ష్మమ్మ గోడ దగ్గరికి పోయి తన మనవణ్ణి కేకేసింది. "ఒరేయ్, ముందు ఆ టీవీ కట్టెయ్. కట్టేసి ఆటో పిలువు."

"సురేంద్రన్నకా అవ్వా?"

"వాడికెందుకురా! ఆ బిడ్డ పుట్టింటికి పోతాది" అంది రామలక్ష్మమ్మ, కొంగుతో కరీంబీ కంట్లో నెత్తురు తుడుస్తూ.