ముందు కుశలం, ఆ తర్వాతే పని

మొన్న పొద్దున కాఫీ తాగుతూ మెయిలు తెరిస్తే, ఒకప్పుడు నేను తిరిగిన ఉచిత సాఫ్ట్‌వేరు బృందంవాళ్ళు తమ చర్చావేదికను నెలాఖరుకల్లా మూసేస్తున్నామని, పాత ఉత్తరాలు కావలసినవాళ్ళు దాచుకోవచ్చని కబురు పెట్టారు. ఉండబట్టలేక వెతికాను. మా పెదనాన్నగారి కోడలు, అంటే నాకు వదిన, రాసిన ఉత్తరం అందులో ఇంకా ఉంది. దాని కింద ఒక్క జవాబూ లేదు.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఊరికి నాలుగు చొప్పున ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. సత్తెనపల్లి బస్టాండు దగ్గర సందులో నాదీ ఒకటి ఉండేది. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోగల సాఫ్ట్‌వేరు ఒకటుందని, దానితో చిక్కొస్తే ఎక్కడెక్కడి మనుషులో మెయిలు ద్వారా సాయం చేస్తారని తెలిశాక నాకది పిచ్చిగా పట్టుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు జవాబులు తెలిసింది తక్కువ, ఏ ప్రశ్న ఎక్కడ అడగాలో మాత్రం బాగా తెలుసు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడాగుతుందో చెప్పే మనిషికి బస్సు నడపడం రావాలా ఏమిటి? అందుకే కొత్తగా చేరిన తెలుగువాళ్ళకు దారి చూపే పని నాకు అప్పజెప్పారు.

వదిన పక్క ఊళ్ళో మిషన్ బడి టీచరు. మిరపకాయలు కొయ్యడానికి తల్లులతో పోయే పిల్లలు కూడా కంప్యూటరు ముట్టుకోవాలని ఆమె పట్టుదల. గుంటూరులో ఏదో ఆఫీసు తీసేసిన పాత కంప్యూటర్లు బతిమాలి తెచ్చి, బడిలో ఖాళీగా ఉన్న గదిలో పెట్టించుకుంది. ఇద్దరం కలిసి వాటిలో మా ఉచిత సరుకు ఎక్కించాం గానీ, తెరమీద బొమ్మలు రావాల్సిన చోట నల్లటి పలక మీద నాలుగు తెల్లక్షరాలు తప్ప ఏమీ రాలేదు. బడి పెత్తనం చూసే కరస్పాండెంటుగారు మంచివాడే, కానీ ఆ ఏడు మిరప విరగపండి కోల్డ్ స్టోరేజీలన్నీ నిండిపోయాయి, చర్చికొచ్చే రైతులంతా బస్తాలకు చోటడుగుతున్నారు, ఎన్నాళ్ళని కాదంటాడు పాపం. వేసవి సెలవులిచ్చేలోగా కంప్యూటర్లు పనిచేస్తే గది పిల్లలది, లేకపోతే బస్తాలది అని తేల్చేశాడు.

కష్టం ఎవరిదో వాళ్ళే అడగాలన్నది మా బృందం పద్ధతి. అందుకని వదినకు మెయిలు ఎలా పంపాలో నేర్పి, ఎక్కడికి రాయాలో చూపించాను. ఆమె తన టీచరు ఇంగ్లీషులో చక్కగా రాసింది. సోదరులందరికీ వందనాలు, దేవుని కృపవల్ల మేమంతా క్షేమం, మీ ఇళ్ళల్లో పెద్దలూ పిల్లలూ క్షేమమని తలుస్తాను, మీతో ఒక చిన్న పని పడింది. అంతే, ఆ పనేమిటో రాయలేదు. రోజూ బడి వదిలాక బస్సెక్కి నా సెంటరుకొచ్చి, చెమట తుడుచుకుంటూ కూర్చుని జవాబు కోసం చూసేది.

మన పల్లెల్లో పని మీద పోయినవాడు గుమ్మంలో నిలబడి పని చెప్పడు కదా. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, వానల గురించీ పైరు గురించీ మాట్లాడాక, ఏమిటిలా వచ్చారని ఇంటివాళ్ళు అడగాలి, అప్పుడు చెప్పాలి. వదిన ఆ అడగడం కోసం చూస్తోంది. అక్కడివాళ్ళకేమో ఈ మర్యాదలు తెలియవు, ఉత్తరంలో ప్రశ్న లేదు గనక జవాబూ లేదు. సంగతి ఇదీ అని నేను చెబితే వదిన నావైపు వింతగా చూసింది.

"ముక్కూమొహం తెలియనోళ్ళ ఇంటికెళ్ళి, పోగానే నా పని చెయ్యండంటే ఏం బాగుంటది అబ్బాయ్? నేను చెప్పనులే."

పద్ధతి పక్కనపెట్టి నేనే అడిగాను. అడిగితే, కంప్యూటరు పెట్టె లోపల ఫలానా చిన్న పలక మీద ఏం రాసుందో చూసి చెప్పమన్నారు. బస్సెక్కి పోయి, పెట్టె విప్పి, చూసొచ్చి రాశాను. ఇంకోటి చూడమన్నారు. మళ్ళీ బస్సు. వెళ్ళేసరికి కరెంటు కోత. ఇటు బడికి ఫోను లేదు, అటు నాకు తెలివి లేదు, నడుమ సెలవులు తరుముకొస్తున్నాయి, వదినేమో ఏమన్నా తెలిసిందా అన్నట్టు నా మొహంలోకే చూసేది. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను.

సెలవులిచ్చిన నాడే గదిలోకి బస్తాలు దిగాయి. ఆ మర్నాడు జవాబొచ్చింది. ఒక ఫైల్లో ఒకే ఒక్క మాట మార్చాలట. కాగితం మీద రాసుకుని పరుగెత్తాను గానీ, గది తలుపు నుంచి పైకప్పు దాకా ఎర్రటి బస్తాలు, వాటి వెనక ఎక్కడో గోడకి కంప్యూటర్లు. తుమ్ములాపుకుంటూ ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం. రేటు పెరిగితే గానీ రైతులు బస్తా కదపరు, ఆ ఏడు రేటు పెరగనూ లేదు. దసరా దాటాక గది ఖాళీ అయింది. అప్పటికి లోపలంతా కారం పట్టి, ఒక్క కంప్యూటరూ మేలుకోలేదు. తరువాతి ఏడు ఆ గదిలో ఆరో తరగతి పెట్టారు.

నాకు మాత్రం ఆ గుమ్మమే గుర్తుంది. వదిన కాగితం చదువుకుని, ఏడుస్తుందేమో అని నేను భయపడుతుంటే, కళ్ళు పమిటతో అద్దుకుని, "ఎవరో పాపం ఇంత శ్రమపడ్డారు. వాళ్ళింట్లో అందరూ బాగున్నారా, కనుక్కున్నావా?" అంది. ఆ మనిషి అసలు పేరు కూడా నాకు తెలియదు.

వదిన పోయి మూడేళ్ళవుతోంది. ఇప్పుడు ఫోనుని అడిగితే మాట పూర్తికాకముందే జవాబు వచ్చిపడుతుంది, బస్సెక్కనక్కర్లేదు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు, ఆ రోజుల్లో ఇదే ఉంటే ఆ పిల్లలు కంప్యూటరు ముట్టుకునేవాళ్ళు, కాదనను. కానీ జవాబిచ్చినవాళ్ళ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుదామంటే, అవతల ఇల్లంటూ ఒకటి లేదు.