పన్నెండోనాడు తెరిచిన తాళం

ఫినాయిల్ వాసన తగిలితే అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అనసూయ మేడం నడిచొస్తున్నట్టు ఉంటుంది. ఈ ఉదయం నేను వెళ్ళేసరికి ఆయా ఆఫీసు వరండా తుడుస్తుంటే మళ్ళీ అదే జరిగింది, సంచీ భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయాను. చిలకలగూడలో ఇల్లు లేనివాళ్ళ కోసం మున్సిపాలిటీ నడిపే షెల్టర్‌కు ఆవిడ అధికారి, రోజూ దగ్గరుండి గదులన్నీ ఫినాయిల్‌తో కడిగించేవారు. నేను అక్కడ రిజిస్టరు రాసేదాన్ని. మేడం కుర్చీలో కూర్చోగా నేను చూసింది తక్కువ. పొద్దున్నే రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల వెంట తిరిగేవారు. ఒక రిక్షా తాత ఎంత పిలిచినా రానంటే, "మొండి మనిషి మేడం" అన్నాను. "మొండితనం గాదే బిడ్డా. రిక్షా ఇడిసిపెట్టి ఎట్లొస్తడు? దానికి సుత జాగ సూడు" అన్నారు. ఆ సాయంత్రమే తాత వచ్చాడు, వెనకాలే రిక్షా వచ్చింది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒకరోజు లక్ష్మి అనే ఆమె ముసలి అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. భర్త గోడలకు రంగులేసే మనిషి, ముందురోజే ఆసుపత్రిలో పోయాడు. మా నగరంలో అద్దెకుండేవాళ్ళకు చావు కూడా సుఖంగా రాదు. శవాన్ని గడప తొక్కనివ్వరు, పదకొండు రోజులయ్యేదాకా ఇంట్లోవాళ్ళనూ రానివ్వరు. ఆసుపత్రి నుంచి శ్మశానానికి, అక్కణ్ణుంచి వీధిలోకి. నేను రిజిస్టరు ముందుకు లాక్కుని, "మీకు అద్దె గది ఉంది కదండీ, ఇది ఇల్లు లేనివాళ్ళకే" అన్నాను. రూలు ప్రకారం మాట్లాడానని లోపల కాస్త గర్వం కూడా.

వెనకనుంచి మేడం గొంతు వినిపించింది. "ఏందే, ఇల్లు పోయేదాక ఆగి అప్పుడు పేరు రాసుకుంటవా? ఆ గది ఒక్కసారి చెయ్యి జారిందంటే ఇద్దరాడోళ్ళు జిందగీ మొత్తం ఫుట్‌పాత్ మీద్నే. జెర ఆలోచించు!" సిగ్గుతో చచ్చిపోయాను. ఇద్దరికీ పక్కలు నేనే వేశాను.

మూడోనాడు మేడం నన్ను రాంగోపాల్‌పేట్‌లోని ఆ ఇంటికి తీసుకెళ్ళారు. ఓనరమ్మ అప్పటికే గదికి తన తాళం వేసేసింది, వేరేవాళ్ళకు ఇస్తానంటోంది. ఇక పెద్ద గొడవే అనుకున్నాను. మేడం మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు.

"మా బిడ్డ ఒట్టి మనిషి గాదక్కా. కీడు తగిల్తే జిమ్మేదారి ఎవరు?" అంటూ ఓనరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాపం, ఆమెది అహంకారం కాదు, ఉత్త భయం.

"ఉంటే ముందు నాకే తగలనీ చెల్లె. పన్నెండోనాడు నేనే లోపలికి పోత, పాలు పొంగిస్త. మంచిగుంటేనే వాళ్ళని రానియ్యి. అందాక గది ఎవరికియ్యకు" అన్నారు మేడం. ఆమె కళ్ళు తుడుచుకుని, సరేనంది.

అన్నట్టే పన్నెండోనాడు వెళ్ళాం. నిజం చెబుతున్నాను, గడప దగ్గర నా కాళ్ళు కదల్లేదు. చదువుకున్నదాన్నే, అయినా కదల్లేదు. మేడం లోపలికెళ్ళి పాలు పొంగించి, అందరికీ చాయ్ పెట్టి, చాప పరుచుకుని మధ్యాహ్నం హాయిగా పడుకున్నారు. అబ్బ, అదేం గురక తల్లీ! ఓనరమ్మ కూతురు కడుపు పట్టుకుని తొంగిచూసి పకపకా నవ్వింది. సాయంత్రానికి ఓనరమ్మే తాళంచెవి తెచ్చి లక్ష్మి చేతిలో పెట్టింది.

మేడం రిటైరై సొంతూరు వెళ్ళిపోయారు. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ఆవిడతో ఎప్పుడూ చెప్పలేదు. కిందటి నెల ఏ.ఎస్. రావు నగర్‌లోని మా ఇంటి పైవాటాలో అద్దెకున్నవాళ్ళ పెద్దావిడకు ఇక లాభం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. "ఇంకెక్కడికైనా తీసుకెళ్ళమని చెప్పమ్మా" అన్నారు మా నాన్న.

"చెప్పను నాన్నా. ఇక్కడే ఉండనివ్వండి. ఏం జరిగినా ఇక్కణ్ణించే తీసుకెళ్తారు."

భయం పోలేదు, ఇప్పటికీ ఉంది. భయపడుతూనే లోపలికి వెళ్ళొచ్చని మేడం దగ్గర నేర్చుకున్నాను, అంతే. రెండు రోజులు నాన్న నా మీద చిరచిరలాడుతూనే ఉన్నారు. మూడోనాడు పొద్దున్న పైనుంచి ఏడుపు వినిపించింది. నేను లేచి బయటికి వచ్చేసరికి, నాన్న వాకిట్లో ఒక్కరే, వచ్చేవాళ్ళ కోసం కుర్చీలు వేస్తున్నారు.