గడ్డి గది మిగిలింది

నేను నూజివీడులో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌ని. పొద్దున్న ఆరున్నరకి వెళ్తే పదకొండు దాకా పరగడుపున వచ్చేవాళ్ళతో ఊపిరాడదు. తర్వాత ఇంటికొచ్చి, రిపోర్టులు ఇవ్వడానికి మళ్ళీ సాయంత్రం ఐదింటికి వెళ్తాను. ఆ మధ్యలో దొరికే మూడు నాలుగు గంటల్లోనే నేను ఒక వీడియో గేమ్ తయారుచేశాను. కోడ్ రాయడం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. బొమ్మలూ నేనే గీశాను.

మొదట అనుకున్నది చాలా చిన్నది. మా అత్తగారు ఏటా వేసవిలో వెనకగదిలో వరిగడ్డి పరిచి రసాల మామిడికాయలు మాగబెడతారు. రోజూ కాయల్ని తిరగేయాలి, పండినవి తీసేయాలి. ఒకటి కుళ్ళితే పక్కవాటికీ అంటుకుంటుంది. ఆ గదే నా గేమ్. ఆర్నెల్లకి ఆడటానికి వీలుగా తయారైంది కూడా. అక్కడ ఆగాల్సింది. ఇంత చిన్నదాన్ని ఎవరాడతారని నాకే అనిపించి తోట కలిపాను. తోట ఉన్నాక గాలివాన లేకపోతే ఎలా? కోసిన కాయ లారీ ఎక్కాలి, లారీ మార్కెట్‌కి చేరాలి. అలా ఇంకో ఏడాదిన్నర గడిచింది. ఒకటి సరిచేస్తే రెండు చెడిపోయేవి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసే మా ఆయన ఎంతవరకు వచ్చిందని అడిగినప్పుడల్లా అయిపోవచ్చిందనేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన అడగడం మానేశారు. అప్పుడు ఇంకా కష్టంగా ఉండేది.

చెట్లు పిందె మీదున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ఆన్ కాలేదు. హనుమాన్ జంక్షన్‌లో రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. షాపతను రెండు రోజులాగి రమ్మన్నాడు. వెళ్తే కౌంటర్ మీద విప్పిన ల్యాప్‌టాప్ చూపించాడు.

"డిస్క్ పూర్తిగా పోయిందండీ. లోపల్నించి ఏమీ రాలేదు. ఎక్కడన్నా కాపీ ఉందా?"

ఉందన్నాను. తోట మొదలుపెట్టే ముందు పెన్‌డ్రైవ్‌లో వేసుకున్న కాపీ. అతను తన కంప్యూటర్‌లో పెట్టి చూపించాడు. గడ్డి గది తెరుచుకుంది. అదొక్కటే.

కొత్త డిస్క్ వేయించుకుని నూజివీడు బస్సెక్కాను. ఏడుపొస్తుందేమోనని కిటికీ పక్కన కూర్చున్నాను. రాలేదు. లారీ వంతెన మీంచి ఎందుకు జారిపోతోందో ఇంక వెతకనక్కర్లేదు. గాలివానలో కాయలు పైకి ఎగిరిపోవడం సరిచేయనక్కర్లేదు. ఇవన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటుంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకు హాయిగా అనిపించింది.

ఆ సాయంత్రం చెబితే మా ఆయనే ఎక్కువ బాధపడ్డారు. "అంత కష్టం పోయిందే. మళ్ళీ మొదలుపెడతావా?"

"లేదండీ. ఉన్న గదినే పూర్తి చేసి వదిలేస్తాను."

ఆయన నా మొహంలోకి చూసి, పోగొట్టుకున్న మనిషిలా లేవే అన్నారు. నిజమే, లేను.

నెల తర్వాత గేమ్ ఫోన్లో వేసి మా అత్తగారికిచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాసేపు ఆడి, ఏది పండో తెలియడం లేదన్నారు. పసుపు రంగుకి తిరిగింది పండు అని చెప్పాను.

"రంగు చూస్తే ఏం తెలుస్తుందమ్మా? పైకి ఆకుపచ్చగానే ఉండి లోపల పండిపోతుంది. వేలితో నొక్కి చూసుకోవాలి."

ఏళ్ళ తరబడి ఆవిడ పక్కన కూర్చుని కాయలు నొక్కినదాన్నే నేను. అయినా గేమ్‌లో రంగే పెట్టాను. రెండు వారాలు కూర్చుని మార్చాను. ఇప్పుడు కాయ మీద వేలు పెడితే ఫోన్ అదురుతుంది. పచ్చికాయైతే గట్టిగా, పండైతే మెత్తగా. అత్తగారు మళ్ళీ ఆడారు. చివరిదాకా వచ్చాక ఒక్క పండు కుళ్ళింది. "దీన్ని నిన్ననే తీసెయ్యాల్సింది" అని తనలో తనే అనుకుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. గేమ్ బాగుందా అని నాకు ఇంక ఎవరినీ అడగాల్సిన పని కనబడలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం గేమ్‌ని అందరికీ విడుదల చేశాను. పెద్దగా ఎవరూ ఆడలేదు. ఎవరో తెలియని ఒకావిడ మాత్రం ఆఫీసులో భోజనాల వేళ ఆడుతున్నాననీ, ఆరో రోజు దాటలేకపోతున్నాననీ రాసింది. మూలనున్న కాయల్ని ముందు తిరగేయమని జవాబిచ్చాను.

మర్నాడు చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, హాల్లో చాప వేసుకుని పడుకున్నాను. అలా మధ్యాహ్నం పూట నిద్రపోయి రెండేళ్ళయింది. సాయంత్రం మా ఆయన టీ పెట్టి లేపేదాకా మెలకువ రాలేదు.