అక్క ఇంటికి పది నిమిషాలు

మా అక్క ఇల్లు అశోక్‌నగర్‌లో, నాది చిక్కడపల్లిలో. నడిస్తే పది నిమిషాలు. అయినా కిందటేడు ఏడు నెలలపాటు మేమిద్దరం ముఖాలు చూసుకోలేదు. మాటలన్నీ ఫోన్‌లోనే. ఇద్దరికీ షుగరే.

మొదట అక్కకే వచ్చింది కష్టం. కొత్త చెప్పు కరిచి పొక్కు లేచినా ఆమెకు తెలియలేదు. పాదాల్లో స్పర్శ అప్పటికే తగ్గింది. చీము పట్టాక కాలి చిటికెన వేలు తీసేశారు. ఆ కట్టు చూసొచ్చినప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. నా అరికాళ్లు కారం రాసినట్టు మండేవి. అడుగు వేస్తే ఏదో గుచ్చుకుంటుందని, నాకు తెలియకుండానే పుండవుతుందని అనిపించేది. ముందు కూరగాయలకు వెళ్లడం మానేశాను. తర్వాత మేడ మీద బట్టలు ఆరేయడం. చివరికి మంచం, వంటిల్లు, అంతే. మా ఆయన అన్నం పళ్లెం చేతికే తెచ్చిచ్చేవారు. అదే నాకు బరువుగా ఉండేది.

పరీక్షకు వెళ్తే షుగర్ పెరిగింది. పిక్కలు సన్నబడ్డాయి. నారాయణగూడలోని డాక్టరమ్మ స్పర్శ ఉందో లేదో అని సన్నటి దారం లాంటిదానితో అరికాలంతా తాకి చూసింది. స్పర్శ ఉందని, పుండేమీ లేదని, మెత్తటి చెప్పులు వేసుకుని, రోజూ పాదాలు చూసుకుంటూ కొద్దికొద్దిగా నడవమని చెప్పింది. అక్క సంగతి చెప్పాను.

“మీ అక్కకు వేలు నడిచినందుకు పోలేదమ్మా. పుండైంది చూసుకోలే, అందుకు పోయింది.”

ఆ మాట విన్నాక కూడా గేటు దాటడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఒక సాయంత్రం బయల్దేరాను. మా ఆయన వెంట వస్తానంటే వద్దన్నాను. సగం దారిలో వెనక్కి తిరిగితే ఆయన చూడకూడదనిపించింది. ఫుట్‌పాత్ నిండా బైకులు. పరీక్షలకు చదువుకునే పిల్లలు నన్ను తప్పించుకుని పోతున్నారు. మూడుసార్లు ఆగాను. ఒకసారి జిరాక్స్ షాపులో కుర్చీ అడిగి కూర్చున్నాను. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

అక్క గోడ పట్టుకుని వచ్చి తలుపు తీసింది. ముందు నా పాదాలే చూసింది.

“నడుచుకుంటనే వచ్చినవా? నొప్పి లేదా?”

“ఉన్నది. కూసోని కూసోని విసుగొచ్చిందక్కా.”

ఆమె ఏడ్చింది. నాకు ఏడ్చే ఓపిక కూడా లేదు. ఉన్న తొమ్మిది వేళ్లనైనా కాపాడుకుందామని కూర్చుంటే మోకాళ్లు బిగుసుకుపోయాయని అక్క చెప్పింది. నా భుజం పట్టుకుని హాలు నుంచి బాల్కనీ దాకా రెండుసార్లు నడిచింది. ఇక చాలంది. నేను ఆటోలో ఇంటికొచ్చాను. మర్నాడు మంట ఎప్పటిలాగే ఉంది.

ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళ్తున్నాను. కొన్ని వారాలు ఒకసారే. అక్క కింద గేటు దాకా వస్తోంది, దాటడం లేదు. నేనూ బలవంతం చేయడం లేదు.