మా అత్త తీయించిన గోడ

మా మేనత్త పోయింది. మంగళవారం పొద్దున్న లిలువా నుంచి ఆవిడ కొడుకు, మా బావ, ఫోన్ చేసి "అమ్మ ఎల్లిపోనాది" అన్నాడు. నేను సాల్ట్ లేక్‌లో ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది.

పేపర్లో పేరు వచ్చేంత మనిషి కాదు కాబట్టి ఆవిడ గురించి నేనే మీకు చెప్పాలి. శ్రీకాకుళం నుంచి పెళ్లై బెంగాల్ వచ్చి, లిలువాలో రైల్వే వర్క్‌షాపు వెనక రేకుల పాకలో గేదెల్ని పెంచి, ఆ వీధికంతా పాలు పోసింది. అమ్మ లేని నన్ను పెంచిందీ ఆవిడే.

ఆ పాకకి అప్పట్లో నాలుగు వైపులా నిండు గోడలు. వేడి తట్టుకోలేక రోజంతా ఫ్యాన్లు తిప్పేవాళ్లం. ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి సాయంత్రం దాకా రాలేదు. చూడి గేదె నోరు తెరిచి రొప్పుతూ కూలబడింది. బకెట్లకొద్దీ నీళ్లు పోశాం. అత్త దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది లేవలేదు.

"కరెంటోళ్లని తిట్టి ఏటి లాభం? గాలి రాకుండా గోడ కట్టింది మనం కాదేటి?" అంది.

వారం తిరక్కుండా మేస్త్రీని పిలిచి దక్షిణం గోడని సగానికి తీసెయ్యమంది. వాన కొడుతుందని అతను వద్దన్నాడు.

"కొట్టనీ దాదా, చూరు కిందికి దింపుదాం" అంది వచ్చీరాని బెంగాలీలో.

కప్పు నడిమిన రేకులు ఎత్తించి, వేడి పైకి పోవడానికి సందు వదిలించింది. నిచ్చెనెక్కి రేకుల మీద సున్నం తనే పూసింది. మరుసటి వేసవి కరెంటు పోయినా గేదెలు నెమరేస్తూనే ఉన్నాయి. తర్వాత ఫ్యాన్ల అవసరం ఎప్పుడో గానీ రాలేదు. టికియాపారా నుంచి కూడా పాడి ఉన్నవాళ్లు వచ్చి చూసి, తమ పాకల గోడలు తీయించుకున్నారు.

"ముందు గాలికి దారియ్యండి. ఫేను తరవాత" అని చెప్పేది. పొగిడితే మాత్రం ముఖం తిప్పుకునేది. "ఒకటి సచ్చాక వచ్చిన తెలివిది" అనేది.

పోయిన నెల మా ఫ్లాట్‌కి వచ్చి ఏసీ ఆపి, బాల్కనీ తలుపు తీసింది. ఆఫీసు కాల్‌లో ఉన్న నేను విసుక్కుని తలుపు మూసేశాను.

"ఊపిరాడతల్లేదే అమ్మా" అంది.

ఏసీ పడక అంటోందనుకున్నాను. గుండె జబ్బు ముదిరిందని ఎవరికీ చెప్పలేదట. ఊపిరాడటం లేదన్న ఆ మాట నన్ను వదలడం లేదు.

దహనమైన మర్నాడు మధ్యాహ్నం పాకలోకి వెళ్లాను. గేటు చప్పుడుకి గేదెలన్నీ తలలెత్తి, చెవులు నిక్కించి, నన్ను దాటి నా వెనక్కి చూశాయి. ఎవరూ రాకపోయేసరికి ఒక్కొక్కటే తల దించుకున్నాయి.