మరిది కోసం కొన్న రివాల్వర్

మా ఆయన పోయిన ఏడాదికే, అశ్వారావుపేట దగ్గరి మా పామాయిల్ తోట తనదేనన్నాడు మా మరిది. నేను కోర్టుకు వెళ్లాను. ఓ మధ్యాహ్నం తోట నుంచి వస్తుంటే, ఇద్దరిని వెంటేసుకుని కాలువ గట్టు మీద నా స్కూటీ ఆపాడు. తాళంచెవి లాక్కుని నీళ్లలోకి విసిరాడు. నా కుడిచేతి మణికట్టు పట్టి మెలితిప్పాడు. అరిచినా వినడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు.

పోలీసులు కేసు రాసుకున్నారు. అతను బెయిలు మీద వచ్చి అదే గట్టు మీద బీడీ తాగుతూ కూర్చున్నాడు. అప్పుడే తుపాకీ లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టాను. నక్సలైట్లు తిరిగిన అడవి పక్క ఊరు కాబట్టి విచారణ మీద విచారణ. "ఇంట్ల మగోళ్లెవరు లేరా?" అని ప్రతి ఆఫీసులోనూ అడిగారు. లేరు కాబట్టే వచ్చానని చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది. రెండేళ్లకు కాగితం చేతికొచ్చింది. ఆ రోజు సంతోషమేమీ కలగలేదు. కాసేపు పడుకుంటే చాలనిపించింది.

మా అక్కను తోడు తీసుకుని హైదరాబాద్‌లో తుపాకుల దుకాణానికి వెళ్లాను. తాతల నాటి నుంచి అదే వ్యాపారమని చెప్పాడు యజమాని, పెద్దాయన. ముందు పిస్టల్ ఇచ్చాడు. దాని పైభాగాన్ని వెనక్కి లాగాలట. నా మణికట్టు సహకరించలేదు. పక్కన నిలబడ్డ ఒకాయన, ఎవరూ అడక్కుండానే, "పెద్దది తీసుకోండి మేడమ్, చూస్తేనే జడుస్తరు" అన్నాడు. పెద్దది ఎత్తితే బరువుకు మణికట్టు వాలిపోయింది. తోలు ఒరలు చూపించారు. అన్నీ బెల్టుకు తగిలించేవే. చీర కట్టుకునేదాన్ని, ఎక్కడ తగిలించుకోను? అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చివరికి ఓ చిన్న రివాల్వర్ అరచేతిలో ఇమిడింది. ఖాళీదే కాబట్టి ట్రిగ్గర్ నొక్కి చూశాను. పెద్దాయన నా ముఖంలోకి చూశాడు.

"నువ్వు భయపడే మనిషి తెలిసినోడా బేటీ?"

"అవ్. మా మరిది. నా చేతి బువ్వ తిని పెరిగిండు."

"తెలిసినోని మీద చెయ్యి లేవదమ్మా. ఇంకో దినం ఆలోచించుకో."

"రెండేండ్లు ఆలోచించిన. ఇగ నాతోని కాదు."

కొన్నాను. కాల్చడం నేర్చుకున్నాను.

ఆ వానాకాలంలో మరిది మళ్లీ గట్టు మీద అడ్డం నిలబడ్డాడు. ఈసారి ఒక్కడే. స్కూటీ దిగకుండానే భుజాన ఉన్న సంచిలో చెయ్యి పెట్టాను. బయటికి తీయలేదు. లైసెన్స్ సంగతి ఊరందరికీ తెలుసు.

"వదినా, నన్ను కాలుస్తవా?" అతని గొంతు చిన్నప్పటిలా ఉంది.

"తొవ్వ ఇడువు."

తప్పుకున్నాడు. తోటలోకి వెళ్లి స్కూటీ ఆపాను. గెలలు కోసే ఆమె నీళ్లు తెచ్చి ఇచ్చేదాకా నరికిన మట్టల మీద కూలబడి ఉన్నాను. గెలిచినట్టు అనిపించలేదు. అతను ఇంకాస్త సేపు తప్పుకోకుండా ఉంటే కాల్చేదాన్నేమో అన్న ఆలోచన చాలా రోజులు వదల్లేదు.

ఆ తర్వాత అతను ఎదురుపడలేదు. అన్ని గొడవల్లోనూ దొడ్డిదారిన కూర గిన్నె పంపే అతని భార్య, మా తోటికోడలు కూడా పలకరించడం మానేసింది.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా రివాల్వర్ ఠాణాలో అప్పగించాలి. మొన్న రసీదు రాస్తూ హెడ్ కానిస్టేబుల్ అడిగాడు, "ఇది లేకుంటె భయం కాదా అమ్మా?"

"దీన్ని మోసుడు తప్పితె జర భుజం నొప్పన్న తగ్గుతది" అన్నాను.